చీకట్లో చెవి చెప్పే అబద్ధం



2011 మే 25 రాత్రి పాట్నా నుంచి రోగిని తీసుకొస్తున్న చిన్న ఎయిర్ అంబులెన్స్ విమానం, ఢిల్లీలో దిగబోతూ ఫరీదాబాద్‌లో ఇళ్ల మీద కూలింది. విమానంలోని ఏడుగురు, కింద ముగ్గురు చనిపోయారు. వాతావరణంతో పాటు, పైలట్లు దిశాభ్రమకు లోనై ఉండొచ్చని కూడా దర్యాప్తులో తేల్చారు.

ఎనిమిదో తరగతిలో ఇది చెప్తే ఒక పాప అడిగింది: "విమానం పక్కకి తిరిగిపోతుంటే పైలట్‌కి తెలీదా మిస్?"

తెలియకపోవచ్చు. మన లోపలి చెవిలో మూడు సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరగడం మొదలవగానే ద్రవం కాస్త వెనకబడుతుంది. మెదడుకు అదే కబురు. ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే కాసేపటికి ద్రవమూ కలిసి తిరుగుతుంది. ఇక చెవి "కదలడం లేదు" అంటుంది. పగలైతే కళ్లు ఆ తప్పు దిద్దుతాయి. అమావాస్య రాత్రి కరెంటు పోతే కళ్యాణదుర్గం వైపు చేలల్లో నేలేదో ఆకాశమేదో తెలియదు కదా, మబ్బుల్లో పైలట్‌కీ అంతే. అందుకే ఒళ్లు ఏం చెప్పినా ఎదురుగా ఉన్న మీటర్లనే నమ్మమని శిక్షణలో నేర్పుతారు.

ఇంట్లో తిరిగే కుర్చీ ఉంటే బిడ్డను కూర్చోబెట్టి, కళ్లు మూయించి, మెల్లగా ఒకే వేగంతో అర నిమిషం తిప్పండి. ఆపాక ఎటు తిరుగుతున్నావని అడగండి. చాలామంది ఎదురు దిక్కు చూపిస్తారు. క్లాసులో నేనూ కూర్చున్నాను, నేనూ తప్పే చెప్పాను. అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు.