ఇరవై ఎనిమిది భుజాల ఊరు

అట్లాసులో అమెరికా సంయుక్త రాష్ట్రాల పటం తీయండి. ఆగ్నేయ మూలన, ఫ్లోరిడాకు పైన, జార్జియాకు పడమట అలబామా రాష్ట్రం కనబడుతుంది. దాని రాజధాని మాంట్‌గోమరీ. అక్కడి నుంచి తూర్పుగా అరవై కిలోమీటర్ల దూరం జరిగితే టస్కీగీ అనే ఊరు వస్తుంది. మీ అట్లాసు చిన్నదైతే ఆ పేరే అందులో ఉండకపోవచ్చు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 9,395 మంది. మన వైపు అంతకన్నా పెద్ద పల్లెలు ఎన్నో ఉన్నాయి.

అయినా టస్కీగీ మేకన్ కౌంటీకి ముఖ్యపట్టణం. అమెరికాలో చాలా రాష్ట్రాలను కౌంటీలుగా విభజించారు. కౌంటీ అంటే పాలనలో మన జిల్లా వంటిది, విస్తీర్ణంలో మాత్రం మన పాత తాలూకాలకు దగ్గర. కోర్టు, భూముల రికార్డులు, పన్నుల కచేరీ, షెరీఫ్ అనే పోలీసు అధికారి కార్యాలయం, ఇవన్నీ ముఖ్యపట్టణంలోనే ఉంటాయి. దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి ఊళ్లన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. నడుమ ఒక చౌకు, అందులో కోర్టు భవనం, చుట్టూ దుకాణాలు. టస్కీగీ కూడా అంతే. చూడడానికి ఏ విశేషమూ లేని ఈ ఊరిని గురించి మనం ఎందుకు చదవాలి? దీనికి జవాబు నేలలోంచి మొదలుపెడదాం.

ఏడెనిమిది కోట్ల సంవత్సరాల క్రితం, భూమిమీద డైనోసార్లు తిరిగే రోజుల్లో, అలబామా దక్షిణ భాగమంతా సముద్రం. ఇప్పుడు టస్కీగీ నుంచి తీరానికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. ఆనాడు కెరటాలు రాష్ట్రం నడిబొడ్డునే తాకేవి. ఆ వెచ్చని, లోతులేని నీటిలో కంటికి కనబడని కోటానుకోట్ల జీవులు తేలుతూ ఉండేవి. వాటి ఒంటిపై సున్నపు పెంకులుండేవి. జీవి చచ్చిపోతే పెంకు అడుగుకు చేరుతుంది. అలా లక్షల ఏళ్లు పేరుకున్న పొరలే సుద్దరాయి అయ్యాయి. తర్వాత సముద్రం వెనక్కు తగ్గింది. ఎండకూ వానకూ సుద్ద పైపొర చివికి, నల్లగా జిగటగా ఉండే మట్టి అయింది. రాష్ట్రం నడుమగా నెలవంక ఆకారంలో సాగే ఆ మేరకు 'బ్లాక్ బెల్ట్' అని పేరు. నల్లపట్టీ అన్నమాట.

నల్లమట్టి అనగానే మీకు మన రేగడి గుర్తుకు వచ్చి ఉంటుంది. పుట్టుకలో రెంటికీ సంబంధం లేదు. దక్కను రేగడి అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన బసాల్టు రాతినుంచి వచ్చింది, అలబామా నల్లమట్టి సముద్రపు సుద్దనుంచి వచ్చింది. గుణంలో మాత్రం అక్కచెల్లెళ్లే. రెంటిలోనూ నీరు పీల్చి ఉబ్బే బంకమన్ను ఎక్కువ. వానాకాలంలో కాలు దిగబడుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. రెండూ పత్తిని పండిస్తాయి.

టస్కీగీ ఈ పట్టీకి ఉత్తరపు అంచున ఉంది. ఊరి చుట్టుపక్కల ఇసుక మెరకలు, కౌంటీ దక్షిణాన నల్లనేల. అక్షాంశం 32 డిగ్రీలు దాటుతుంది, అంటే మన పఠాన్‌కోట్‌కు సమానం. ఏడాదికి సుమారు 130 సెంటీమీటర్ల వాన, మంచు పడని నెలలు ఏడు. పత్తికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ నేల మస్కోగీ జాతివారిది. తెల్లవారు వారిని క్రీకులు అనేవారు. 'టస్కీగీ' అన్న పేరు కూడా వారి భాషదే. యోధులు అని దాని అర్థం చెబుతారు. 1832లో జరిగిన ఒప్పందంతో క్రీకులు తమ భూములను వదులుకోవలసి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే మేకన్ కౌంటీ ఏర్పడింది. 1833లో థామస్ వుడ్‌వర్డ్ అనే సైనికుడు ఈ ఊరికి పునాది వేశాడు. 1836లో సైన్యం మిగిలిన క్రీకులను మిసిసిపీ నదికి ఆవల, ఇప్పటి ఓక్లహామా ప్రాంతానికి తరిమివేసింది. ఒప్పందానికీ తరిమివేతకూ మధ్య నాలుగేళ్లే!

వారి స్థానంలో పత్తి తోటలు వచ్చాయి. తోటల్లో పనిచేయడానికి ఆఫ్రికా సంతతివారిని బానిసలుగా తెచ్చారు. 1860 నాటికి మేకన్ కౌంటీ జనాభాలో సుమారు మూడింట రెండు వంతులు బానిసలే. ఈనాటికీ అలబామా ఎన్నికల ఫలితాల పటాన్నీ భూగర్భశాస్త్రజ్ఞుల పటాన్నీ పక్కపక్కన పెడితే, సుద్దరాతి నెలవంక రెండింటిలోనూ కనబడుతుంది. సుద్ద ఉన్నచోట పత్తి, పత్తి ఉన్నచోట బానిసలు, ఈనాడు అక్కడ వారి సంతతి. సుద్దరాయి ఎవరినీ బానిసను చేయమని చెప్పలేదు, ఆ పని మనుషులే చేశారు. ఎక్కడ చేయాలన్నది మాత్రం నేల చూపించింది.

1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయింది. 1881 జులై 4న ఈ ఊళ్లో ఒక బడి తెరిచారు. దాని కోసం పాటుపడినవారిలో లూయిస్ ఆడమ్స్ పూర్వం బానిస, జార్జి క్యాంబెల్ పూర్వం బానిసల యజమాని. ప్రభుత్వం ఏడాదికి 2,000 డాలర్లు ఇచ్చింది, అదీ ఉపాధ్యాయుల జీతాలకే. బడికి భవనం లేదు, చర్చి ఆవరణలో ఒక పాత గది ఇచ్చారు. ప్రధానోపాధ్యాయుడుగా వచ్చిన బుకర్ టి. వాషింగ్టన్ వయసు 25 ఏళ్లు. ఆయన కూడా బానిసగా పుట్టినవాడే. భవనాలకు ఇటుకలు కావాలి. విద్యార్థులే మట్టి తవ్వి, ఇటుకలు కోసి, ఆవం పెట్టారు. మొదటి ఆవం చెడింది, రెండవదీ మూడవదీ చెడ్డాయి. చేతిలో డబ్బు లేదు. వాషింగ్టన్ తన గడియారాన్ని 15 డాలర్లకు కుదువపెట్టి నాలుగో ఆవం పెట్టించాడు. అది కుదిరింది. అలా విద్యార్థులే ఇటుకలు చేసి కట్టిన భవనాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఆ బడే నేటి టస్కీగీ విశ్వవిద్యాలయం.

1896లో ఆ విద్యాలయానికి వ్యవసాయశాస్త్రం చెప్పడానికి జార్జి వాషింగ్టన్ కార్వర్ వచ్చాడు. ఆయన చూసిన పొలాలెలా ఉన్నాయో ఊహించుకోండి. ఏళ్ల తరబడి పత్తి మీద పత్తి వేసి నేల సారం పీల్చేశారు. వానకు మట్టి కొట్టుకుపోయి గండ్లు పడ్డాయి. రైతులంతా పేద పాలేర్లూ కౌలుదార్లూ. ఎరువు కొనే శక్తి వారికి లేదు.

అప్పటికి పదేళ్ల కిందటే జర్మనీలో ఒక విషయం తేలింది. చిక్కుడు జాతి మొక్కల వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఆ బుడిపెల్లో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. మీ ఊళ్లో ఎవరైనా బొబ్బర్లో వేరుశెనగో వేసి ఉంటే ఒక మొక్కను జాగ్రత్తగా పెళ్లగించి చూడండి, బుడిపెలు కనబడతాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు ఉంటే బాక్టీరియా పనిలో ఉన్నట్లు. కార్వర్ రైతులకు చెప్పిందల్లా ఇదే: ఒక ఏడు పత్తి వేస్తే మరొక ఏడు బొబ్బర్లు, వేరుశెనగ వేయండి. అడవిలో రాలిన ఆకునూ చిత్తడినేలల బురదనూ తెచ్చి పొలానికి తోలండి. అందులో డబ్బు పెట్టి కొనవలసింది ఏదీ లేదు.

వేరుశెనగ ఇసుకనేలకు సరిపోయే పైరు. పూత అయ్యాక ఊడలు నేలలోకి దిగాలి కదా, గట్టి నేల అయితే దిగలేవు. అనంతపురం రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. 1910లో పత్తికాయను తొలిచే ముక్కుపురుగు అలబామాలో అడుగుపెట్టాక రైతులు కార్వర్ మాట మరింతగా విన్నారు. 1906 నుంచి ఒక బండి మీద పనిముట్లు, విత్తనాలు వేసుకుని పల్లెలకు వెళ్లి చూపించే ఏర్పాటు కూడా ఆయన చేశాడు.

కార్వర్ వేరుశెనగ వెన్నను కనిపెట్టాడని చాలా పుస్తకాల్లో రాస్తారు. అది నిజం కాదు. ఆయన టస్కీగీకి రాకముందే, 1895లో, కెలాగ్ అనే వైద్యుడు దాని తయారీకి పేటెంటు కోరాడు. వేరుశెనగతో కార్వర్ చూపిన వందలాది వస్తువుల్లో చాలావరకు బజారుకు రానేలేదు. నన్నడిగితే ఆయన గొప్ప ఆ జాబితాలో లేదు, చవక ఎరువు దిబ్బలో ఉంది.

పాడైన నేల అంతా బాగుపడలేదు. 1930లలో ప్రభుత్వం టస్కీగీ దగ్గర పంటకు పనికిరాని పొలాలను కొని చెట్లు నాటించింది. 1959లో అది జాతీయ అరణ్యమైంది. విస్తీర్ణం సుమారు 4,500 హెక్టార్లు. అమెరికాలోని జాతీయ అరణ్యాలన్నింటిలోకీ చిన్నది ఇదే.

ఇక ఈ ఊరికి అపకీర్తి తెచ్చిన ఉదంతం చెప్పాలి. 1932లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ మేకన్ కౌంటీలో ఒక పరిశీలన మొదలుపెట్టింది. సిఫిలిస్ అనే రోగానికి చికిత్స చేయకపోతే ఏమవుతుందో చూడాలని! అందుకు 600 మంది పేద నల్లజాతి పురుషులను ఎంచుకున్నారు. వారిలో 399 మందికి రోగం అప్పటికే ఉంది, 201 మందికి లేదు. డాక్టర్లే రోగం ఎక్కించారని కొందరు అంటారు, అది పొరపాటు. చేసిన తప్పు వేరు, అది చాలు. వారికి ఉన్న రోగం పేరు చెప్పలేదు, 'చెడు రక్తం' అన్నారు. ఉచిత భోజనం, అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. 1947 నాటికి పెనిసిలిన్‌తో ఈ రోగం నయమవుతుందని డాక్టర్లందరికీ తెలుసు. అయినా వీరికి ఇవ్వలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1972 జులైలో పత్రికల్లో వార్త వచ్చాకనే ఆపారు. 1974లో మనుషులపై పరిశోధనలకు నియమాలు పెడుతూ చట్టం వచ్చింది. పరిశోధనకు ముందు మనిషికి అంతా వివరించి సమ్మతి తీసుకోవాలన్న నియమం అలా గట్టిపడింది. 1997 మే 16న అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. అప్పటికి బతికి ఉన్నవారు ఎనిమిది మంది.

విచిత్రం చూడండి. అదే ఊళ్లో, అదే సంవత్సరాల్లో, విద్యాలయపు ప్రయోగశాలలో మరొక పని జరుగుతున్నది. పోలియో టీకా పరీక్షకు మానవ కణాలు కావాలి. టీకా వేసిన పిల్లల రక్తాన్ని పోలియో వైరస్‌తో కలిపి కణాలపై పోస్తారు. కణాలు బతికితే రక్తంలో రక్షణ ఏర్పడినట్లు, చస్తే లేనట్లు. హీలా అనే కణాలను 1953 నుంచి టస్కీగీలో పెంచి దేశమంతటా పంపారు. జోరుగా సాగిన రోజుల్లో వారానికి 20,000 గాజు గొట్టాలు. ఆ పని చేసినవారు నల్లజాతి శాస్త్రజ్ఞులూ సాంకేతికులూ. 1955 ఏప్రిల్‌లో సాల్క్ టీకా విజయవంతమైందని ప్రకటించారు. ఆ కణాలు హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీవి. 1951లో బాల్టిమోర్ ఆసుపత్రిలో ఆమెను అడగకుండానే తీసుకున్నారు.

ఇప్పుడు శీర్షికలోని సంగతి. 1957 వరకు టస్కీగీ ఊరి సరిహద్దు చతురస్రం. లోపల నల్లవారు దాదాపు 5,400 మంది, తెల్లవారు 1,300 మంది. కాని రకరకాల అడ్డంకులు పెట్టడంవల్ల ఓటున్న నల్లవారు 400 మందే. తెల్ల ఓటర్లు సుమారు 600. నల్లవారి సంఖ్య పెరుగుతున్నదని భయపడి రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసి ఊరి సరిహద్దునే మార్చింది. చతురస్రం పోయి 28 భుజాల బహుభుజి వచ్చింది! కొత్త గీతలు ఎంత జాగ్రత్తగా గీశారంటే, 400 మంది నల్ల ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరి బయట పడ్డారు. తెల్లవాడు ఒక్కడూ బయటికి పోలేదు. విద్యాలయం కూడా ఊరి బయటికి పోయింది. ఎవరి ఇల్లూ కదలలేదు, గీత కదిలింది.

నల్లవారు తమను వెలివేసిన దుకాణాల్లో కొనడం మానేశారు. విద్యాలయంలో సామాజిక శాస్త్రం చెప్పే చార్లెస్ గొమిలియన్ ముందుండి దావా వేశాడు. కింది కోర్టులు కాదన్నా, 1960 నవంబరు 14న దేశపు సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఆయన పక్షాన తీర్పు చెప్పింది. పటం చూస్తేనే ఉద్దేశం తెలుస్తున్నదని న్యాయమూర్తుల అభిప్రాయం. 1961లో పాత చతురస్రం తిరిగి వచ్చింది. 1967లో మేకన్ కౌంటీకి లూషియస్ ఆమర్సన్ అనే నల్లజాతి షెరీఫ్, 1972లో టస్కీగీకి జానీ ఫోర్డ్ అనే నల్లజాతి మేయర్ పదవిలోకి వచ్చారు.

మీరు ఒక పని చేయండి. గళ్ల కాగితం మీద చతురస్రం గీసి లోపల ఎక్కడపడితే అక్కడ పది ఎర్రచుక్కలు, పది నల్లచుక్కలు పెట్టండి. ఎర్రచుక్కలన్నీ లోపల, నల్లచుక్కలన్నీ బయట ఉండేట్లు తెగని సరళరేఖలతో కొత్త సరిహద్దు గీయండి. ఎన్ని భుజాలు వచ్చాయో లెక్కపెట్టండి. లోపలి కోణాల మొత్తం ఎంతో కూడా కట్టండి. చతురస్రానికి 360 డిగ్రీలు, 1957 నాటి టస్కీగీకి 4,680 డిగ్రీలు.