మెదడు కాపలా కణాలు – పసుపులోని కర్క్యుమిన్

మెదడులో స్థిరంగా ఉండే రోగనిరోధక కణాలు మైక్రోగ్లియా. వీటిని 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా ప్రత్యేక కణాలుగా గుర్తించారు. న్యూరాన్లు పిండం బాహ్యస్తరం నుంచి పుడితే, ఇవి పచ్చసొన సంచి నుంచి మెదడుకు చేరతాయి. ఈ తేడా తప్పక గుర్తుంచుకోవాలి.

సూక్ష్మజీవులను, చనిపోయిన కణాలను మింగడం వీటి పని. అదుపు తప్పి దీర్ఘకాలం ఉత్తేజితమైతే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి వాపు కలిగించే సైటోకైన్లు వెలువడి న్యూరాన్లు దెబ్బతింటాయి. అల్జీమర్స్, పార్కిన్సన్స్ వ్యాధుల్లో ఈ వాపు కనిపిస్తుంది.

పసుపులోని కర్క్యుమిన్ వాపు జన్యువులను మేల్కొలిపే ఎన్‌ఎఫ్-కప్పా బీ ప్రోటీన్‌ను అణచివేస్తుందని ప్రయోగశాల కణాల్లో తేలింది. ద్రాక్షలోని రెస్వెరట్రాల్, గ్రీన్ టీలోని ఈజీసీజీ, సెలెరీలోని ల్యూటియోలిన్ కూడా ఈ కోవలోవే. అయితే కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే మనుషుల్లో ఆ లభ్యత 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. అయినా కర్క్యుమిన్‌ను అల్జీమర్స్‌కు మందుగా రాస్తే తప్పే. మనుషులపై పరీక్షల్లో అది రుజువు కాలేదు.

అనుబంధ సమాచారం: పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంట్‌ను భారత పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ సవాలు చేయగా 1997లో రద్దయింది. జాతీయ పసుపు బోర్డు కేంద్రం నిజామాబాద్.