కుక్క కంటే ముందు కాగితం

చిరంజీవి అమ్ములుకు,


నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య మ్యూనిక్‌లో ఉద్యోగం వదిలి నాలుగైదు నెలల్లో వచ్చేస్తున్నాడనీ, వస్తూ ఒక జర్మన్ షెపర్డ్ ఆడకుక్కపిల్లను తెస్తాడనీ, దానికి ఇక్కడ కేసీఐ పేపర్లు ఎలా తీయించాలనీ అడిగావు. ఫొటో చూశాను, పిల్ల ముచ్చటగా ఉంది. దాని తల్లీ తండ్రీ ఎవరో మాత్రం ఫొటో చెప్పదు, కాగితమే చెప్పాలి. ఆ కాగితం పని ముప్పాతిక వంతు కుక్క విమానం ఎక్కకముందే, జర్మనీలోనే పూర్తి కావాలి. ఇక్కడ మిగిలేది చివరి మెట్టు ఒక్కటే.

అసలు ఈ పేపర్లు ఎందుకో ముందు తెలుసుకో. చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియానే మనం కేసీఐ అంటాం. ఒక ఈతలో పుట్టిన పిల్లలకు అక్కడ పేపర్లు రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ కేసీఐ వంశావళి పుస్తకంలో నమోదై ఉండాలి. తల్లి నమోదు కాకపోతే, ఎంత పేరున్న మగకుక్కతో జత కట్టించినా పిల్లలకు పేపర్లు రావు. కాగితంతో నీ కుక్కకు ఒరిగేదేమీ లేదు, అది అడిగేది తిండీ నడకా. లాభపడేవి దానికి పుట్టబోయే పిల్లలు. నువ్వు పెంపకం నేర్చుకుని ఒక లైన్ నిలబెట్టాలనుకుంటున్నావు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

అన్నయ్య చేతికి రకరకాల కాగితాలు వస్తాయి. నీలం రంగు పెట్ పాస్‌పోర్ట్ ఒకటి. అది యూరోపియన్ యూనియన్ దేశాల్లో పశువైద్యులు ఇచ్చే పుస్తకం, అందులో ఉండేవి చిప్ నంబరు, టీకాల వివరాలు. టాస్సోలో నమోదు చేసినట్టు మరో కాగితం ఉండొచ్చు. కుక్క తప్పిపోతే చిప్ నంబరు బట్టి యజమానిని పట్టుకోవడానికి అది పనికొస్తుంది. ఈ రెండూ అవసరమే కానీ వంశం గురించి ఒక్క ముక్క చెప్పవు. నీకు కావలసింది మూడోది, జర్మన్లు ఆనెన్‌టాఫెల్ అనే వంశపత్రం.

జర్మన్ షెపర్డ్‌లకు దాన్ని ఇచ్చే పాత క్లబ్బు ఎస్‌వీ. 1899లో పుట్టింది, ఇప్పుడు ఆఫీసు ఆగ్స్‌బర్గ్‌లో ఉంది. ఆ క్లబ్బు వంశావళి పుస్తకంలో ఒకటో నంబరు కుక్క పేరు హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాట్. పత్రం మీద ఎస్‌వీ గుర్తుతోపాటు జర్మన్ కెన్నెల్ సంఘం వీడీహెచ్ గుర్తు, అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ గుర్తు ఉన్నాయో లేదో చూడమను. వీడీహెచ్‌తో సంబంధం లేని క్లబ్బులు కూడా అక్కడ ఉన్నాయి. అవీ నిగనిగలాడే పత్రాలు అచ్చువేసి ఇస్తాయి, వాటితో చెన్నైలో పని జరగదు.

పొలం కొనేటప్పుడు మీ నాన్న లింకు డాక్యుమెంట్లు ఎలా చూస్తాడో వంశపత్రాన్నీ అలాగే చూడాలి. మూడు తరాలు, అంటే ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు అవ్వాతాతలు, ఆపై ఎనిమిది మంది, మొత్తం 14 పేర్లూ నంబర్లతో సహా ఖాళీ లేకుండా ఉండాలి. యజమాని మారిన సంగతి రాసే చోట బ్రీడర్ సంతకం, తేదీ, కొన్నవారి పేరు పడాలి. ఇక్కడే మన తెలుగువాళ్లకు చిక్కు. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో ఉంటాయి. మనవాళ్లేమో ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా, మరోచోట చివర్లో రాస్తారు. వంశపత్రం, పెట్ పాస్‌పోర్ట్, ఆరోగ్య ధ్రువపత్రం మూడింటిలోనూ అన్నయ్య పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించమను.

ఆ తర్వాత, కుక్క దేశం దాటుతోందని ఒరిజినల్ పత్రం మీద ఎగుమతి ధ్రువీకరణ వేయించాలి. దాని జర్మన్ పేరు అవుస్‌లాండ్స్‌అనర్‌కెన్నుంగ్. పత్రం ఎక్కడికి పంపాలో క్లబ్బునే అడగమను. ఒరిజినల్ టపాలో వెళ్లి రావాలి కాబట్టి టికెట్ తేదీ పెట్టుకుని చివరి వారంలో పరుగులు పెడితే కుదరదు. జిరాక్సు, ఫోన్లో తీసిన ఫొటో చాలనుకోవద్దు.

పత్రాన్నీ కుక్కనూ కలిపేది చిప్. ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణాల ప్రకారం దానికి 15 అంకెలు ఉంటాయి. డబ్బు ఇచ్చేముందు స్కానర్ పెట్టించి, కనిపించిన అంకెల్ని కాగితాలతో ఒక్కొక్కటిగా సరిచూడమను. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ పత్రం ఈ కుక్కదని ఎవరూ ఒప్పుకోరు.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెప్తాను. రేబిస్ టీకా అక్కడ 12 వారాల వయసుకు ముందు వేయరు. మన దేశానికి రావాలంటే టీకా వేసి నెల దాటాలి, ఏడాది దాటకూడదు. అందుకే ఎనిమిది వారాల పిల్లను చంకనేసుకుని రావడం కుదరదు. రెండేళ్లు బయట ఉండి కాపురం మార్చుకుని వచ్చేవాళ్లు తమ పెంపుడు జంతువుల్ని రెండింటి వరకూ తెచ్చుకోవచ్చు. దానికి యానిమల్ క్వారంటైన్ వాళ్ల ఎన్‌ఓసీ ముందే తీసుకోవాలి. హైదరాబాద్‌లోనూ వాళ్ల కేంద్రం ఉంది. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు వాళ్లనే అడగండి.

కుక్క ఇల్లు చేరాక ఒరిజినల్ పత్రంతో కేసీఐకి దరఖాస్తు పెట్టాలి. ఫారం, రుసుము చెన్నై ఆఫీసును అడిగి తెలుసుకో. పత్రంలో యజమాని అన్నయ్యే కాబట్టి ముందు అతని పేరున నమోదు చేయించి, తర్వాత నీ పేరుకు బదిలీ చేయించుకోవడం తేలిక. కుక్కను ఇంట్లో చిట్టి అని పిలుచుకో, బుజ్జి అని పిలుచుకో, పత్రంలో బ్రీడర్ పెట్టిన పేరు మాత్రం మార్చకు.

రేపు లండన్ నుంచో అమెరికా నుంచో తెచ్చుకోవాలనుకుంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్ పేపర్లలో బ్రీడర్ ‘ఆర్’ అనే షరతు పెడితే పిల్లలకు నమోదు ఉండదు, ‘ఎక్స్’ పెడితే ఎగుమతి పత్రమే రాదు. అమెరికాలో లిమిటెడ్ రిజిస్ట్రేషన్ ఉన్న కుక్కకు పుట్టిన పిల్లలకూ నమోదు లేదు. ఈ షరతుల్ని తొలగించే అధికారం బ్రీడర్‌దే. బేరం కుదరకముందే ఈ మాట అడగాలి.

ఇంతా చేసి వంశం తేలిందని కుక్క మంచిదైపోదు. తల్లిదండ్రుల తుంటి, మోచేతి ఎక్స్‌రే ఫలితాలు వేరుగా అడుగు, తల్లి స్వభావాన్ని అన్నయ్యను స్వయంగా వెళ్లి చూసి రమ్మను.

జర్మనీలో పిల్ల చేతికొచ్చాక కొన్నాళ్లకు గానీ ఆనెన్‌టాఫెల్ రాకపోవడం మామూలే. అందుకని అడ్వాన్స్ ఇచ్చే రోజే, పత్రం, యజమాని మార్పు సంతకం, ఎగుమతి ధ్రువీకరణకు సహకారం, ఈ మూడూ ఇస్తానని బ్రీడర్ చేత ఒప్పందంలో రాయించమను. మొత్తం సొమ్ము చేతిలో పడ్డాక కాగితం కోసం పరుగెత్తేవాడు అమ్మినవాడు కాదు, కొన్నవాడే. ఈ ఆదివారం అన్నయ్యతో మాట్లాడేటప్పుడు ఈ ఉత్తరం ఎదురుగా పెట్టుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న