ఫోనుతో వచ్చిన ఆరోగ్య యాప్ - మనకు కావాలా?



కొత్త స్మార్ట్‌ఫోను కొంటే అందులో కొన్ని యాప్‌లు ముందే ఉంటాయి. చాలా ఫోన్లలో ఆరోగ్యం లెక్కలు చూసేది కూడా వాటిలో ఒకటి. మనం అడగము, దుకాణదారుడు చెప్పడు. అయినా మన అడుగులు లెక్కపెట్టడానికి అది సిద్ధంగా ఉంటుంది. ఇది మనకు కావాలా, వద్దా? కామర్సు విద్యార్థి ఏ వస్తువునైనా పరిశీలించే పద్ధతిలోనే దీన్నీ చూద్దాం. దీని ఉపయోగమెంత? దీనికి మనమిచ్చే ధర ఎంత?

1. ఫోనులోకి ఎలా వచ్చింది?

శామ్‌సంగ్ సంస్థ 2012లో ఎస్ హెల్త్ అనే యాప్ తెచ్చింది. 2014లో యాపిల్ హెల్త్, గూగుల్ ఫిట్ వచ్చాయి. 2023లో విడుదలైన ఆండ్రాయిడ్ 14తో హెల్త్ కనెక్ట్ అనేది ఫోను వ్యవస్థలోనే భాగమైంది. వేర్వేరు ఆరోగ్య యాప్‌లు మన అనుమతితో వివరాలు ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి ఖాతా వంటిది అది.

ఒక వస్తువుతో మరొకటి జతచేసి ఇవ్వడాన్ని వ్యాపార భాషలో బండ్లింగ్ అంటారు. 2022 అక్టోబరులో మన దేశపు కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఫోన్ల తయారీదారులు తన యాప్‌ల కట్టను ముందుగానే వేసి అమ్మాలని షరతు పెట్టడం అందుకు ఒక కారణం. ఆ కేసు ఆరోగ్య యాప్‌ల గురించి కాదు. కానీ అందులోని పాఠం మనకు పనికివస్తుంది. ముందే ఉన్నదాన్ని చాలామంది మార్చరు. కనుక ఒక యాప్ కోట్ల ఫోన్లలో ఉన్నంత మాత్రాన కోట్లమంది దాన్ని కోరుకున్నారని అర్థం కాదు.

2. లెక్క ఎలా కడుతుంది?

ఫోనులో యాక్సెలరోమీటర్ అనే చిన్న పరికరం ఉంటుంది. అది మూడు దిశల్లో కదలికను కొలుస్తుంది. మనం నడిచేటప్పుడు ఒంటికి ఒక లయ ఉంటుంది. ఆ లయను గుర్తించి ఒక్కొక్క అడుగుగా లెక్కవేస్తుంది. అంటే అది కొలిచేది ఫోను కదలికను, మనిషిని కాదు.

మా ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. నేను ఉదయం ఫోను జేబులో వేసుకుని నడిచి వచ్చి కూర్చుంటాను. నా లెక్క అయిదు వేలు దాటుతుంది. మా ఇంటావిడ తెల్లవారుజామున లేచి రాత్రి వరకు వంటగదికీ, పెరటికీ, డాబాకీ తిరుగుతూనే ఉంటుంది. ఆమె ఫోను మాత్రం వంటింటి అలమరలో ఉంటుంది. దాని ప్రకారం ఆమె రోజంతా నడిచింది ఆరువందల అడుగులు! బ్యాంకులో అసలు నమోదే కాని పద్దు ఉంటే ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా సరిపోతుంది, తప్పు మాత్రం తప్పుగానే ఉంటుంది. ఇదీ అంతే.

రోజుకు 10,000 అడుగులు అనే లక్ష్యం కూడా వైద్యులు నిర్ణయించినది కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కించే ఒక పరికరానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మారు. ఆ సంఖ్య అలా నిలిచిపోయింది. సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీలపై అమెరికాలో జరిగిన పరిశీలన 2019లో వెలువడింది. రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచేవారికంటే 4,400 నడిచేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. కనుక పదివేలు కాలేదని మోకాళ్ల నొప్పితో రాత్రిపూట హాలులో తిరగవలసిన పనిలేదు.

3. ఉపయోగం

నిన్నటికీ నేటికీ, గత వారానికీ ఈ వారానికీ పోల్చి చూసుకోవడానికి ఈ యాప్ మంచిదే. షుగరు ఉన్నవారికి నడక తగ్గిన సంగతి తెలుస్తుంది. అయితే ఫోను దానంతట అది రక్తంలో చక్కెరను కొలవలేదు. సూది గుచ్చకుండానే చక్కెర చెబుతామనే గడియారాలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

4. ధర

యాప్ ఉచితమే, కాని మన వివరాలు విలువైనవి. స్త్రీల నెలసరి లెక్కలు చూసే ఫ్లో అనే యాప్ గోప్యంగా ఉంచుతామన్న వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరవేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2021లో ఆ వ్యవహారం రాజీతో ముగిసింది. అది ఫోనుతో వచ్చిన యాప్ కాదు, విడిగా వేసుకునేది. అయినా ఏ యాప్‌లోనైనా ఒంటి సంగతులు రాసేముందు ఆలోచించాలని అది చెబుతోంది.

5. చట్టం, మన భాష

మా ఆవిడకు కొత్త ఫోను కొన్న రోజు మా మనవడు "నానమ్మా, ఇవన్నీ మామూలే" అంటూ "అంగీకరిస్తున్నాను" అన్న మీటలు వరసగా నొక్కేశాడు. ఆమెకు వచ్చింది తెలుగు ఒక్కటే. తెరమీద ఉన్నది ఇంగ్లీషు. నాకు మనసు చివుక్కుమన్నది. బ్యాంకులో వేలిముద్ర వేసే ఖాతాదారుకు ఫారం చదివి, ఆయన భాషలో చెప్పి, ఆ తర్వాతే ముద్ర వేయించుకునేవాళ్లం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. అనుమతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా గాని చదువుకునే వీలు ఇవ్వాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. మనం ఒడిశాలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా ఈ హక్కు మారదు. ఇచ్చిన అనుమతిని, ఇచ్చినంత సులువుగా వెనక్కు తీసుకునే వీలుండాలి. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు.

6. ఇంట్లో చేయవలసినవి

అ) ఆదివారం ఒక అరగంట అమ్మానాన్నలతో కూర్చుని, వారి ఫోను సెట్టింగ్స్‌లో ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో చూడండి.
ఆ) ప్రతి అనుమతినీ తెలుగులో చెప్పి, "ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడగండి. జవాబు వారిదే.
ఇ) అక్కరలేని యాప్‌ను తీసేయండి. తీయడం కుదరకపోతే అనుమతులు ఆపండి.
ఈ) నడక లెక్క కావాలనుకుంటే ఉంచుకోండి. మిగిలిన వివరాలు నింపకుండా వదిలేయండి.

నేను నా లెక్క ఉంచుకున్నాను. మా ఆవిడ "నా పని దానికి కనబడనప్పుడు నాకెందుకు?" అని తీసేయమంది. ఇద్దరి నిర్ణయమూ సరైనదే, ఎందుకంటే ఇద్దరమూ తెలుసుకునే చెప్పాము.

అభ్యాస ప్రశ్నలు

1. ఉచిత వస్తువుకు ధర ఉంటుందా? మీ ఫోనులోని ఒక యాప్‌ను ఉదాహరణగా తీసుకుని వివరించండి.
2. మీ ఇంట్లో ఫోను లెక్కకు అందని శ్రమ ఎవరిది? ఒక రోజు గమనించి పది వాక్యాలు రాయండి.