పసుపు దీపము చెప్పునదియు, చెప్పనిదియు

కారు పాతబడుకొలది దాని యజమానునికి ఒక దినమున ఎదురగు సంగతి కలదు. స్టీరింగు ముందరి పలకలో ఇంజను ఆకారముగల పసుపు దీపము వెలుగును. వెలిగిన తరువాత ఆరదు. కొందరు భయపడి మొదట కనబడిన షెడ్డుకు పరుగెత్తుదురు. కొందరు దానికి అలవాటుపడి నెలల తరబడి బండిని నడుపుదురు. మరికొందరు ఎవరో చెప్పిన భాగమును కొని వేయింతురు. వీరిలో ఎవరును దీపము చెప్పు మాటను పూర్తిగా వినలేదు. దానిని వినుటకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును నేర్చుకొనుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. ఈ దీపము ఎట్లు వచ్చెను?

వాహనముల పొగవలన గాలి చెడుచున్నందున, ఇంజను తన లోపమును తానే కనిపెట్టి తెలుపవలెనని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 మోడల్ కార్లనుండి నియమించెను. అయితే ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క భాషను వాడెను. 1996 మోడల్ నుండి అమెరికా అంతట ఒకే విధమైన 16 పిన్నుల సాకెట్టును, ఒకే కోడ్‌ల పట్టికయు ఏర్పడెను. దీనినే ఓబిడి-2 అందురు. మన దేశములో భారత్ స్టేజ్-4 కార్లకు ఇది 2013 ఏప్రిల్ నుండి తప్పనిసరి ఆయెను. సాకెట్టు సాధారణముగా డ్యాష్‌బోర్డు క్రింద, డ్రైవరు మోకాళ్ల దగ్గర ఉండును. స్కానరును అందులో గ్రుచ్చిన యెడల కోడ్ కనబడును.

2. కోడ్‌ను చదువుట

'పి 0171' అను కోడ్‌ను తీసికొందము. 'పి' అనగా ఇంజను, గేరుబాక్సులకు సంబంధించినది. రెండవ స్థానములో 0 ఉన్నయెడల అది అన్ని కంపెనీలకును ఒకటే. 1 ఉన్నయెడల ఆ కంపెనీ స్వంత కోడ్. మూడవ స్థానము లోపముయొక్క శాఖను తెలుపును: 1, 2 అంకెలు ఇంధనమును గాలిని, 3 మిస్సింగును, 4 పొగశుద్ధిని, 7 గేరుబాక్సును సూచించును. చివరి రెండంకెలు ప్రత్యేకమైన లోపమును చూపును. పి 0301 అనగా మొదటి సిలిండరులో మిస్సింగు. పి 0171 అనగా పెట్రోలుకంటె గాలి ఎక్కువైనది.

3. కోడ్ సాక్షియే గాని తీర్పరి కాదు

అనేకులు పొరబడునది ఇచ్చటనే. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సార్ పొగలో ఆక్సిజన్ మిగిలియున్నదని కంప్యూటరుకు తెలుపును. కంప్యూటరు పెట్రోలును పెంచును. సుమారు నాలుగవ వంతు పెంచినను చాలనప్పుడు పి 0171 నమోదగును. ఇది చూచి, వార్త తెచ్చిన ఆక్సిజన్ సెన్సార్‌నే తీసి పారవేయుదురు. వేల రూపాయలు పోవును. కొన్ని దినములలో దీపము మరల వెలుగును. నిజమైన కారణము పగిలిన రబ్బరు హోసు కావచ్చును. బలహీనమైన పెట్రోలు పంపు కావచ్చును. సెన్సార్‌కు ముందు పొగగొట్టములో పడిన చిల్లు బయటి గాలిని పీల్చుచుండవచ్చును. మిస్సింగు వలన కాలక మిగిలిన ఆక్సిజన్‌ను కూడ సెన్సార్ అట్లే తెలుపును. చెడ్డవార్త తెచ్చినవాడు చెడ్డవాడు కాడు.

4. పరీక్షా క్రమము

మొదటిది, కోడ్‌ను చెరపక ముందు వ్రాసికొనవలెను. లోపము కనబడిన క్షణమున ఇంజను వేగము, వేడిమి, భారము ఎంత ఉండెనో ఫ్రీజ్ ఫ్రేమ్ అను నమోదులో నిలిచియుండును. కోడ్‌ను చెరిపినచో ఆ సాక్ష్యమును పోవును.

రెండవది, కన్నులతోను చెవులతోను వెదకవలెను. ఊడిన హోసు, ఎలుక కొరికిన వైరు, తుప్పుపట్టిన కనెక్టరు, బుస్సుమను గాలి చప్పుడు వీటిని గమనింపవలెను. నిండుగా చార్జి అయిన బ్యాటరీ, ఇంజను ఆగియున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును.

మూడవది, పెట్రోలు సవరింపు శాతమును ఐడ్లింగులోను, 2500 ఆర్.పి.యం. వద్దను పోల్చవలెను. గాలిని కొలుచు సెన్సార్‌గల ఇంజనులో, ఐడ్లింగున ఎక్కువగానుండి వేగమున తగ్గినయెడల హోసులలో గాలి దూరుచున్నదని అనుమానింపవచ్చును. ఏలయనగా అదే చిల్లు కొద్ది గాలిలో పెద్ద భాగమును, ఎక్కువ గాలిలో చిన్న భాగమును అగును. భారముతో పెరిగినయెడల పెట్రోలు సరఫరానైనను, గాలిని కొలుచు సెన్సార్‌నైనను పరీక్షింపవలెను.

నాలుగవది, భాగమును కొనక ముందే అది చెడినదని రుజువు చేయవలెను. బాగుచేసిన తరువాత కోడ్‌ను చెరిపి, కొన్ని దినములు నడిపి, మరల చదువవలెను.

5. ఆగవలసిన వేళ

దీపము నిలకడగా వెలిగిన, బండి మామూలుగా నడచుచున్నయెడల త్వరలో చూపించుట చాలును. దీపము మినుకుమినుకుమనినయెడల ఆలస్యము తగదు. కాలని పెట్రోలు పొగశుద్ధి చేయు క్యాటలిటిక్ కన్వర్టరులోనికి పోయి, అచ్చట మండి, దానిని పాడుచేయును. వేగము తగ్గించి క్షేమమైన చోట ఆపవలెను. ఆయిల్ ప్రెషరు ఎర్రదీపము వెలిగినను, ఇంజను వేడి మితిమీరినను కోడ్ కొరకు కనిపెట్టక వెంటనే ఇంజను ఆపవలెను.

6. చెరిపివేయుట బాగుచేయుట కాదు

కారును అమ్ముటకు ముందు కోడ్‌ను చెరిపి దీపమును ఆర్పువారు కలరు. దీపము ఆరును, లోపము ఆరదు. కోడ్ చెరిపినప్పుడు కంప్యూటరుయొక్క స్వపరీక్షలు "పూర్తికాలేదు" అని స్కానరులో కనబడును. పాతకారు కొనువారు దీనిని తప్పక చూడవలెను. అమ్మువారు ఉన్నది ఉన్నట్లు చెప్పుట మేలు; ఆ కారులో రేపు ప్రయాణము చేయునది మరియొకరి కుటుంబము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పి 0171 కనబడినప్పుడు ఆక్సిజన్ సెన్సార్‌ను వెంటనే మార్చుట ఏల తప్పు?
2. కోడ్‌ను చెరపక ముందు ఏమి వ్రాసికొనవలెను?
3. నిలకడ దీపమునకును, మినుకుమను దీపమునకును భేదమేమి?