నాలుగు రంగుల టైంటేబుల్

ప్రశ్న: మేడమ్, నా వయసు 27. మాది సూర్యాపేట దగ్గర పల్లె. మూడేళ్లుగా గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. రోజుకు 14 గంటల చొప్పున టైంటేబుల్ వేసుకుంటాను, పేపరుకో రంగు పెన్నుతో. ఒక్కరోజు తప్పినా చింపేసి వచ్చే సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడతాను. చేతిరాత బాగాలేదనిపించి పాలిటీ నోట్సు ఇప్పటికి మూడుసార్లు తిరగరాశాను. సిలబస్ మొత్తం అయ్యాకే మాక్ టెస్టు రాద్దామని ఆగాను. ఆదివారం కాసేపు పడుకుందామంటే పత్తి చేలో మా అమ్మ గుర్తొస్తుంది. నాలో పట్టుదల తక్కువైందా?
– పేరు వద్దు, అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: పట్టుదలకేం తక్కువ లేదు బాబూ. ఒకే నోట్సు మూడుసార్లు రాయడానికి ఎంత ఓపిక కావాలి! ఆ ఓపికంతా ఎటు పోతోందన్నదే చూడాలి.

మా నాన్న కిరాణా కొట్టులో రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా. గల్లాపెట్టె పక్కనే ఉండేది, నూనె మరకలతో, కొట్టివేతలతో. ఎవరెంత ఇచ్చారు, ఎంత బాకీ పెట్టారు అన్నది జరిగింది జరిగినట్టు అందులో పడేది. రెండోది ఆవర్జా. రాత్రి కొట్టు కట్టేశాక చిట్టా చూసుకుంటూ ఖాతాలవారీగా, గుండ్రటి అక్షరాలతో అందులోకి ఎక్కించేవాడు. చూడముచ్చటగా ఉండేది ఆవర్జాయే. కానీ ఎవరైనా తగాదాకొస్తే ఆయన చెయ్యి చిట్టా మీదికే పోయేది. నీ నాలుగు రంగుల టైంటేబుల్ ఆవర్జా. దానికి చిట్టా లేదు.

ఈ వారం టైంటేబుల్ వెయ్యకు. సన్నపాటి నోటుబుక్కు ఒకటి కొనుక్కో. కూర్చున్న టైము, లేచిన టైము, మధ్యలో ఫోన్ పట్టుకున్నది, చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర టీ తాగుతూ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందని వాదించుకున్నది, అన్నీ రాయి. ‘చదివింది’ ఒక వరుసలో, ‘పుస్తకం ముందు కూర్చున్నది’ ఇంకో వరుసలో. ఎవరికీ చూపించక్కర్లేదు. నా అంచనా, ఆ పద్నాలుగు కాస్తా ఐదో ఆరో తేలుతుంది. సిగ్గుపడకు. ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు బెర్లిన్‌లోని సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థుల చేత ఇలాగే డైరీలు రాయించారు. 1993లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బాగా వాయించేవాళ్లు ఒంటరిగా చేసే సాధన సగటున రోజుకు మూడున్నర గంటలే. మిగతావాళ్లకంటే ఎక్కువ నిద్రపోయిందీ వాళ్లే, మధ్యాహ్నం కునుకు తీసిందీ వాళ్లే. వయొలిన్ వేరు, గ్రూప్-2 వేరు అంటావు. నిజమే. మూడున్నర గంటలు చాలని నేనూ అనడం లేదు. పద్నాలుగు గంటలన్నది మాత్రం నీకు నువ్వే రాసిచ్చుకున్న చెల్లని చెక్కు.

ఇక తిరగరాత సంగతి. చెయ్యి పనిచేస్తుంది, బుర్ర కునుకు తీస్తుంది. సాయంత్రానికి పది పేజీలు కనిపిస్తాయి గనక చదివినట్టే ఉంటుంది. అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు 2006లో దీన్నే పరీక్షించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచెయ్యి. వారం తర్వాత పెడితే తారుమారైంది! మూసేసి రాసినవాళ్లే ఎక్కువ చెప్పగలిగారు. నీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత కాదు కదా.

సిలబస్ అయ్యాక మాక్ టెస్టు అన్నావు. ఆ సిలబస్ అయిపోయినవాణ్ని నేనింతవరకు చూడలేదు. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. రేపు పొద్దున ఒక పేపరు రాయి. యాభై వస్తే యాభై. నువ్వు వాయిదా వేస్తున్నది పరీక్షను కాదు, ఆ అంకెను చూడటాన్ని. మరో మాట కూడా చెప్పాలి. ఇంకా ఎన్ని నోటిఫికేషన్ల వరకు ఈ దారిలో ఉంటావో, మనసు కుదురుగా ఉన్న రోజు చూసుకుని నువ్వే తేల్చుకో. తేల్చుకున్నది అమ్మకు చెప్పు. ఫలితాలొచ్చిన రోజు తేల్చుకునే విషయం కాదది.

అమ్మ సంగతికొస్తే, ఈసారి ఫోన్ చేసినప్పుడు మధ్యాహ్నం ఏం చేస్తుందో అడుగు. పత్తి ఏరేవాళ్లు సద్ది తిన్నాక చెట్టు కింద తువ్వాలు పరుచుకుని కాసేపు నడుం వాలుస్తారు. లేకపోతే సాయంత్రం దాకా చెయ్యి ఆడదు. నువ్వు ఆవిడ పేరు చెప్పి మానేస్తున్న పని ఆవిడ రోజూ చేస్తూనే ఉండొచ్చు.

నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆశ లేకపోవడం వారాల తరబడి ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చదువు సలహాలు నా దగ్గర దొరుకుతాయి, ఆ సాయానికి మాత్రం వాళ్లే సరి.

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తాను, వయసు 41. మా ఆయన బట్టలు మడతపెడితే నేను విప్పి మళ్లీ పెడతాను. మా పాప దోసె పోస్తే చిరిగిందని పక్కన పెట్టి నేను వేరే పోశాను. అది అలిగి వంటింట్లోకి రావడం మానేసింది. అలసిపోతున్నాను, కానీ ఎవరికి వదలాలన్నా చేతులు రావు.
– ఓ సోదరి, విజయవాడ

జవాబు: ముందు మీ తరఫున ఒక మాట. తువ్వాళ్లు వంకరగా ఉంటే వచ్చిన చుట్టాలు పేరు పెట్టేది మీకే, మీవారికి కాదు. ఈ భయం మీ ఊహలో పుట్టింది కాదు.

అయినా ఒకటి అడుగుతాను, నాకు జవాబు రాయకండి, మీలోనే అనుకోండి. పని బాగా జరగదని బెంగా, మీరు లేకుండా కూడా జరిగిపోతుందని బెంగా? నా మటుకు నాకు రెండోదే. డబ్బాల మీద పేర్లు రాయకుండా ఏళ్లు గడిపాను, ఏది ఎక్కడుందో నన్నే అడగాలని. వయసొచ్చాక ఒప్పుకుంటున్నాను.

ఇంగ్లండులో డొనాల్డ్ వినికాట్ అని పిల్లల డాక్టరు ఉండేవారు. తల్లి పరిపూర్ణంగా ఉండక్కర్లేదు, సరిపడేంత మంచిగా ఉంటే చాలు అన్నది ఆయన సిద్ధాంతం. పసికందుకు మొదట్లో అన్నీ అమర్చిన తల్లి, బిడ్డ తట్టుకోగలిగే కొద్దీ కాస్త కాస్త వెనక్కి తగ్గాలి. ఆ కొరతలోంచే బిడ్డ లోకాన్ని నేర్చుకుంటుందని ఆయన చెప్పేవారు. మీ పాపకు అందకుండా పోయింది ఆ చిరిగిన దోసె.

ఆదివారం పొద్దున వంటిల్లు తనకు అప్పజెప్పి మీరు డాబా మీదికి వెళ్లిపోండి. ఆ పూట దోసెలు అట్లకాడతో గీకి తీసినవే తినాలి. పచ్చడి వేసుకోండి, తెలియదు.

ప్రశ్న: టీచరుగా రిటైరయ్యాను. పదకొండేళ్లుగా కథలు రాస్తున్నాను. ఒక్కటీ పత్రికకు పంపలేదు. ఇంకా దిద్దాలనిపిస్తుంది.
– విజయనగరం

జవాబు: మీ ఊరి మనిషి కథే చెబుతాను. కన్యాశుల్కం 1892లో విజయనగరంలోనే రంగమెక్కింది. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, చాలావరకు తిరగరాసి మళ్లీ వేశారు. మనం ఈనాడు చదివేది ఆ రెండోదాన్ని. దిద్దడం తప్పు కాదు మాస్టారూ, ఆయన దిద్దినంత ఎవరు దిద్దారు? అయితే మొదటి కూర్పు జనంలోకి వెళ్లాకే ఆ పన్నెండేళ్లు గడిచాయి. మీ పదకొండేళ్లు బీరువాలో గడిచాయి. మొదటిది ఆయన పెట్టెలోనే ఉండిపోతే రెండోది ఆ రూపంలో వచ్చేదా అని నా అనుమానం.

మీకు బాగా నచ్చిన కథ పంపకండి, దాన్ని మళ్లీ దిద్దడం మొదలుపెడతారు. మూడో స్థానంలో ఉన్నదాన్ని శుక్రవారంలోగా పోస్టు చేయండి. పోస్టు డబ్బాలో వేశాక నకలు తీసి చూసుకోవద్దు, అచ్చుతప్పు కనిపిస్తుంది.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పది నిమిషాలు కూడా ఒక పని మీద నిలవలేను. ఏదైనా చిట్కా?
– మాదాపూర్

జవాబు: ఆ పది నిమిషాల దగ్గరే మొదలుపెట్టండి. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థికి మీ బాధే ఉండేది. పది నిమిషాలైనా నిజంగా చదవగలనా అని తనతో తనే పందెం కట్టి, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ తిప్పి పెట్టుకున్నాడు. తర్వాత అది 25 నిమిషాల పని, ఐదు నిమిషాల విరామం అనే పద్ధతిగా స్థిరపడింది. మీ ఆఫీసులో దాన్ని పొమొడోరో అంటుంటారు. ఇటాలియన్‌లో టమాటా అనే అర్థం. టైమర్ కోసం ఫోన్ తీయకండి, తీస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: వయసు 58. మధ్యాహ్నం భోజనమయ్యాక ఓ కునుకు తీస్తాను. ఇంట్లోంచే ఉద్యోగం చేసే మా కోడలు ఏమీ అనదు గానీ, చూపు చూస్తే బద్ధకమనుకుంటుందేమోనని ముడుచుకుపోతాను. పాపం అది తెల్లవారుజామున ఐదింటికే లేస్తుంది.
– ఓ అత్తగారు, తెనాలి

జవాబు: దూరప్రయాణాల విమానాలు నడిపే పైలట్ల మీద నాసా ఒక పరిశీలన చేసింది. విమానం గాల్లో ఉండగానే వంతులవారీగా 40 నిమిషాలు విశ్రాంతి ఇస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. పడుకోనివాళ్లకంటే తర్వాత చురుగ్గా ఉన్నారు. మీరూ అరగంటకు అలారం పెట్టుకోండి, మూడు దాటాక పడుకోకండి, రాత్రి నిద్ర చెడుతుంది.

ఆ చూపు సంగతంటారా? ఐదింటికి లేచే పిల్లది. రేపు మీతోపాటు ఇంకో చాప కూడా పరిచి పిలిచి చూడండి.