దేశాంతర విజ్ఞానయాత్ర: చూడవలసినదేమి?

దూరపు కొండలు నునుపు అను సామెత మనకు తెలిసినదే. ఇప్పుడు రైతులను, సంఘముల కార్యవర్గ సభ్యులను విదేశములకు పంపి అచ్చటి సహకార పద్ధతులను, భూసార రక్షణ విధానములను చూపించుట వాడుకలోనికి వచ్చినది. రుషికొండ ప్రాంతపు సభ్యులు కొందరు మమ్ములను ఇట్లడిగిరి: "అయ్యా, సంఘపు సొమ్ముతో ఇద్దరిని పంపవచ్చునా? వారు తిరిగివచ్చిన పిమ్మట మాకు మిగులునదేమి?" ఈ ప్రశ్న న్యాయమైనది. సంఘపు సొమ్ము పదిమంది చెమట. కావున ఈ మాసపు పాఠమును దీనికే వినియోగించుచున్నాము.

ఒక యాత్ర ఫలితము

యాత్రలవలన మేలు కలుగుననుటకు మన సంఘములే నిదర్శనము. 1892లో మదరాసు ప్రభుత్వమువారు రైతులకు తక్కువ వడ్డీకి అప్పు దొరకు మార్గమును విచారింప ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని నియమించిరి. అప్పుడు మన విశాఖపట్టణము జిల్లాయు మదరాసు రాజధానిలోనిదే. ఆయన ఐరోపా దేశముల రైతు బ్యాంకులను పరిశీలించి, 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటములుగా నివేదికను వెలువరించెను.

ఆ నివేదికకు ప్రాణము జర్మనీ దేశపు రైఫైజన్ పద్ధతి. ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ (1818–1888) కొండసీమలోని కొన్ని గ్రామములకు అధికారి. 1846–47 శీతకాలమున కరవు రాగా, కలవారివద్ద చందాలు కూర్చి, పిండి తెప్పించి, రొట్టెల పొయ్యి కట్టించి, బీదలను ఆదుకొనెను. 1849లో రైతులకు పశువులు కొనియిచ్చుటకై సహాయ సంఘమును నెలకొల్పెను. అయితే దాతల ఉత్సాహము ఎల్లకాలము నిలువదని అనుభవమువలన గ్రహించెను. కడకు 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ అను ఊర, అప్పు కోరువారే సభ్యులై, సంఘ ఋణమునకు అందరును పూచీపడు పరపతి సంఘమును స్థాపించెను. దానముగా మొదలైనది స్వయంసహాయముగా మారుటకు సుమారు పదునేడేండ్లు పట్టెను.

ఆయన నియమములు సులభమైనవి. సంఘము ఒకరినొకరు ఎరిగిన చిన్న ప్రదేశమునకే పరిమితము కావలెను. అప్పు పనికివచ్చు ఖర్చునకే ఈయవలెను. కార్యవర్గమువారు జీతము లేక పనిచేయవలెను. మిగులు సొమ్ము నిధిలో చేరవలెను.

వచ్చినది, రానిది

ఈ నియమములలో ముఖ్యమైనవి 1904 సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టములో చేరినవి. గ్రామ సంఘమునకు అపరిమిత బాధ్యతయు, లాభమునకు రిజర్వు నిధియు అట్లు వచ్చినవే. ఆ యేడే చెంగల్పట్టు జిల్లా తిరూరులో తొలి వ్యవసాయ పరపతి సంఘము రిజిస్టరైనది.

చట్టము ఓడమీద వచ్చినది. కాని ఇరుగుపొరుగుల విచారణ, అప్పు గడువు నాటికి చెల్లింపకున్న సిగ్గుపడు మర్యాద, లెక్కలను నలుగురిలో చదువు అలవాటు ఓడమీద రావు. వానిని ఏ ఊరివారు ఆ ఊరనే పెంచుకొనవలెను. 1951–52లో దేశమంతట గ్రామ పరపతిని విచారింపగా, రైతులు తెచ్చుకొన్న అప్పులో సహకార సంఘములు ఇచ్చినది నూటికి మూడు పాళ్లు మాత్రమే యని తేలెను. చట్టము పుట్టి అప్పటికి దాదాపు ఏబదేండ్లు. నికల్సన్ కూడ, ప్రతి సీమయు తన రైఫైజనును తానే వెదకికొనవలెనని ముందే హెచ్చరించియుండెను.

మా పొరపాటు

ఇట్టి పొరపాటు మేమును చేసితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట రైతులతోగూడ పొరుగు రాష్ట్రములోని ఒక గ్రామమునకు పోయి, వరి నాటు యంత్రము పనిచేయుట చూచి మురిసితిమి. తిరిగివచ్చి ఒక సంఘముచేత అట్టిదే కొనిపించితిమి. రెండు పంటలు నడచి అది కొట్టము చేరెను. ఏలయనగా, ఆ గ్రామమున యంత్రమునకు తగినట్లు ట్రేలలో నారు పెంచువారుండిరి; చెడినపుడు బాగుచేయు పిల్లవాడుండెను; ఎవరి చేనికి ఎన్నడు పోవలెనో వ్రాసిన వంతుల పుస్తకముండెను. మేము యంత్రమును చూచితిమి, పుస్తకమును చూడలేదు. కొట్టములో తుప్పుపట్టిన ఆ సొమ్ము బీద సభ్యులదని తలచినపుడెల్ల మాకు తలవంపుగా నుండును.

మన తీరమున ఒక ఉదాహరణము

రుషికొండ సముద్రతీరమునకు 2020లో నీలిజెండా గుర్తింపు లభించినది. ఇదియు పరదేశపు ఆలోచనయే. 1985లో ఫ్రాన్సులో పుట్టి, డెన్మార్కులో కార్యస్థానముగల సంస్థద్వారా నడచుచున్నది. నీటి శుభ్రత, చెత్త తీయుట, స్నానము చేయువారి రక్షణ మొదలగు ముప్పదిమూడు నియమములను చూచి దానినిత్తురు. 2025 ఆరంభమున పారిశుద్ధ్యము సరిగాలేదని ఆ గుర్తింపు కొంతకాలము నిలుపబడి, లోపములు సవరించిన పిమ్మట మరల లభించెను. జెండా ఒకనాడు ఎగురవేయవచ్చును; చీపురు ప్రతిదినము పట్టవలెను. సంఘములకును ఇదియే న్యాయము.

యాత్రికులు అడుగవలసిన ప్రశ్నలు

యాత్రకు పోవువారు ఈ అయిదు ప్రశ్నలను వ్రాసికొని పోవలెను.

1. మొదటి పెట్టుబడి ఎవరిది? ఆ సహాయము ఆగిన పిమ్మట పని ఎట్లు నడచినది?

2. అప్పు చెల్లింపనివానిని ఏమి చేయుదురు? ఎవరు పోయి అడుగుదురు?

3. లెక్కలు ఎవరు వ్రాయుదురు, ఏడాదికి ఎన్నిమార్లు అందరియెదుట చదువుదురు?

4. నష్టము వచ్చిన సంవత్సరమేది? దానినెట్లు దాటిరి?

5. చిన్న కమతములవారు, స్త్రీలు ఏమందురు? ఈ మాట కార్యదర్శిని గాక వారినే అడుగవలెను.

తిరిగివచ్చిన నెలలోపల సర్వసభ్య సమావేశమున ఖర్చుల వివరముతో నివేదిక చదువవలెను. చూచివచ్చినదానిని ముందు అర ఎకరమున ఒక్క పంటకాలము పరీక్షింపవలెను. అంతవరకు సంఘపు సొమ్ముతో ఏమియు కొనరాదు.

ముందు దగ్గరివి

విమానమెక్కుటకు ముందు దగ్గరనున్నదానిని చూచుట మేలు. తెలంగాణములోని ములుకనూరు సహకార సంఘము 1956లో పుట్టి, అప్పుతోపాటు పంట అమ్మకమును కూడ చేపట్టి నిలిచినది. ఇక మన రాష్ట్రపు ప్రకృతి సేద్యమును చూచుటకు అన్యదేశీయులే మన చేలకు వచ్చుచున్నారు. 2024లో ఆ కార్యక్రమము పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ మానవతా బహుమానమును, శాస్త్రజ్ఞుడు రతన్ లాల్‌తోను, ఈజిప్టుదేశపు సెకెం సంస్థతోను కలిసి పొందినది. పొదుపు సంఘముల స్త్రీలు, సేద్యము చేసి చూపి తోటి రైతులకు నేర్పు రైతులు దానికి వెన్నెముక. పరదేశీయులు వెదకివచ్చు పాఠము మన గట్టుమీదనే యుండగా మనము దానిని చదువకుండుట తగునా?

కావున సభ్యులకు మా మనవి. ఇద్దరిని పంపుట తప్పని మేమనము. మాటకారులను గాక, లెక్క తెలిసినవారినొకరిని, చేను దున్నువారినొకరిని ఎన్నుకొనుడు. వారిలో ఒకరు స్త్రీయైన మరియు మంచిది. అంతకుముందు పై అయిదు ప్రశ్నలను మన సంఘమునే అడిగి చూడుడు. మన జవాబులు మనకు తెలిసినగాని ఇతరుల జవాబుల విలువ తెలియదు. రాబోవు సర్వసభ్య సమావేశమున వానిని చర్చింతము. ప్రతి సభ్యుడును, ప్రతి సభ్యురాలును వచ్చి తమ మాట చెప్పవలెనని కోరుచున్నాము.